సర్కారు, ప్రైవేటు చేయి కలిపితే రోగికి ఏమి మేలు?
(నర్సింగ్ సూపరింటెండెంటు కార్యాలయం నుండి)



మన ఓ.పి. కౌంటరు దగ్గర ప్రతిరోజూ మేము వినే ప్రశ్న ఒకటుంది: "సిస్టరమ్మా, ఇది సర్కారు దవాఖానానా, ప్రైవేటా? ఇక్కడ కార్డు నడుస్తదా?" అడిగేవారిలో సెక్యూరిటీ గార్డులున్నారు, ఐ.టి. ఆఫీసుల్లో హౌస్ కీపింగ్ చేసే తల్లులున్నారు, పాలమూరు నుండీ శ్రీకాకుళం నుండీ వచ్చి అపార్టుమెంట్లు కడుతున్న కూలీలున్నారు. మన సంఘ కుటుంబాలలోని చదువుకున్న పిల్లలు కూడా అమ్మానాన్నలను తీసుకొచ్చినప్పుడు ఇదే ప్రశ్నను వేరే మాటల్లో అడుగుతారు.

ప్రశ్న చిన్నదే గాని జవాబు చిన్నది కాదు. నేడు మన రాష్ట్రంలో వైద్యం పూర్తిగా సర్కారుదీ కాదు, పూర్తిగా ప్రైవేటుదీ కాదు. డబ్బు ఒకరిది, మంచం ఒకరిది, మందు ఒకరిది, అంబులెన్సు ఇంకొకరిది. దీనినే ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం అంటారు. ఇది ఎలా నడుస్తుందో, ఎక్కడ బాగా నడిచిందో, ఎక్కడ కుంటుపడిందో తెలిస్తే ఆపద వేళ మీరు తికమకపడరు. అందుకే ఈ వ్యాసం.

రాయదుర్గంలో ఈ సంగతి మరీ అవసరం

మన చుట్టూ చూడండి. అద్దాల భవనాలు, 2019 నవంబరు 29 నుండి నడుస్తున్న రాయదుర్గం మెట్రో స్టేషను, కొద్ది దూరంలోనే పెద్ద పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు. వాటి పక్కనే రేకుల షెడ్లలో ఉండే కూలీ కుటుంబాలు. ఒకే వీధిలో ముగ్గురికి ఒకే జ్వరం వస్తే ముగ్గురి దారులు వేరు. కంపెనీ ఇన్సూరెన్సు ఉన్న అబ్బాయి కార్పొరేట్ ఆసుపత్రికి వెళతాడు. జీతంలో ఇ.ఎస్.ఐ. కోత పడే హౌస్ కీపింగ్ తల్లి ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి వెళ్లాలి. ఏదీ లేని కూలీ బస్తీ దవాఖానాకో, మందుల షాపుకో వెళతాడు.

ఆసుపత్రులు దగ్గరగా ఉన్నంత మాత్రాన వైద్యం దగ్గరైనట్టు కాదు. గోడ అవతల ఉన్న వెంటిలేటరు గోడ ఇవతలి మనిషికి అందాలంటే మధ్యలో ఒక ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటే భాగస్వామ్యం.

భాగస్వామ్యం అంటే ఏమిటి?

కొందరు "సర్కారు దవాఖానాలను ప్రైవేటుకు అమ్మేస్తున్నారు" అనుకుంటారు. మరికొందరు "ప్రైవేటువాళ్లు ధర్మం చేస్తున్నారు" అనుకుంటారు. రెండూ సరికాదు. భాగస్వామ్యంలో మూడు పనులుంటాయి. ఒకటి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? రెండు, పని ఎవరు చేయాలి? మూడు, పని సరిగా జరిగిందా లేదా అని ఎవరు చూడాలి? ఈ మూడింటినీ ముందుగానే కాగితం మీద రాసుకుని ఇద్దరూ కట్టుబడి ఉంటే అది భాగస్వామ్యం. మూడవది మరచిపోతే మొదటి రెండూ ఎక్కువకాలం నిలబడవు.

ఇది కొత్త విషయం కూడా కాదు. మిషన్ ఆసుపత్రులకు దీని రుచి ఎప్పటి నుండో తెలుసు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రిని నెలకొల్పినప్పుడు విరాళమిచ్చి ఆదుకున్నది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. వైద్యం ఒకరిది, ధనం ఒకరిది, మేలు పొందినది ఊరు వెలివేసిన రోగి. ఆ తరువాతి కాలంలో, 1983లో మన దేశంలో కుష్ఠుకు బహుళ ఔషధ చికిత్స మొదలయ్యాక, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన మందులను రోగుల చేత క్రమంగా మింగించిన వారిలో మిషన్ ఆసుపత్రుల సిబ్బంది కూడా ఉన్నారు.

ఇప్పుడు మన తెలుగు నేల మీద జరిగిన మూడు పెద్ద ప్రయత్నాలను చూద్దాం. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క పాఠం ఉంది.

మొదటి పాఠం: 108 అంబులెన్సు

ఇప్పటి పిల్లలకు 108 లేని కాలం తెలియదు. అంతకు ముందు రోడ్డు ప్రమాదం జరిగితే దెబ్బతిన్న మనిషిని ఆటోలోనో, లారీలోనో, దొరికిన జీపులోనో కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి వేసేవారు. మెడ ఎముక విరిగిన మనిషిని అలా ఎత్తితే దారిలోనే నరాలు దెబ్బతినేవి. కాన్పు నొప్పులు పడే తల్లి ఎడ్లబండిలో బయలుదేరేది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైంది. దీనిని ఇ.ఎం.ఆర్.ఐ. అనే లాభాపేక్ష లేని సంస్థ ప్రారంభించింది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు దీనిని స్థాపించారు. మొదట ఖర్చులో ఎక్కువ భాగం సంస్థే భరించింది. సేవ రాష్ట్రమంతా విస్తరించాక నడిపే ఖర్చులో 95 శాతం వరకు ప్రభుత్వం ఇచ్చే ఒప్పందం వచ్చింది. బండి, డీజిలు, జీతం ప్రజల సొమ్ముతో; ఫోన్ ఎత్తడం, బండి పంపడం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం సంస్థ పని.

2009 జనవరి 7న సత్యం కంపెనీ లెక్కల కుంభకోణం బయటపడింది. రామలింగరాజు జైలుకు వెళ్లారు. అప్పుడు చాలామంది "ఇక 108 ఆగిపోతుంది" అని భయపడ్డారు. ఆగలేదు. అదే సంవత్సరం జి.వి.కె. సంస్థ నిర్వహణ బాధ్యత తీసుకుంది. ఎందుకు ఆగలేదో గమనించండి. ఖర్చు ప్రభుత్వం నుండి వస్తోంది, పని చేసే పద్ధతి కాగితం మీద ఉంది, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు. స్థాపించిన మనిషి పోయినా ఏర్పాటు నిలిచింది. ఒక మనిషి మంచితనం మీద ఆధారపడిన సేవ ఆ మనిషితోనే పోతుంది. ఒప్పందం మీద ఆధారపడిన సేవ నిలుస్తుంది. ఇది మొదటి పాఠం.

108కి ఫోన్ చేసినప్పుడు ఈ విషయాలు చెప్పండి:

1. ఏమి జరిగింది, ఎంతమందికి, మనిషి మాట్లాడుతున్నారా, ఊపిరి తీసుకుంటున్నారా.
2. ఎక్కడ ఉన్నారు. "రాయదుర్గం" అంటే చాలదు. దగ్గరలోని మెట్రో పిల్లరు నంబరు, ఆఫీసు గేటు నంబరు, బస్టాపు, గుడి, చర్చి, ఏదైనా గుర్తు చెప్పండి.
3. పెద్ద క్యాంపస్ లోపల అయితే ఒకరిని గేటు దగ్గర నిలబెట్టండి. గార్డు పేరు రాసుకుని పంపేలోగా ప్రాణం మీదికి రావచ్చు.
4. అవతలివారు చెప్పేవరకు ఫోను పెట్టేయవద్దు. ఏమి చేయాలో వారే చెబుతారు.

బండిలో వచ్చే టెక్నీషియన్ రాసే కాగితాన్ని పారవేయకండి. నాడి ఎంత ఉంది, బి.పి. ఎంత ఉంది, ఎన్ని గంటలకు ఏ ఇంజెక్షన్ ఇచ్చారు అన్నది మా క్యాజువాలిటీ సిస్టర్లకు ఆ కాగితం వల్లనే తెలుస్తుంది.

రెండవ పాఠం: ఆరోగ్యశ్రీ

2004 తరువాత ముఖ్యమంత్రి సహాయనిధికి గుండె ఆపరేషన్ల కోసం, క్యాన్సరు చికిత్స కోసం అర్జీలు కుప్పలుగా వచ్చేవి. ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి గారు స్వయంగా డాక్టరు. ఒక్కొక్క అర్జీకి ఒక్కొక్క చెక్కు ఇవ్వడం కన్నా అందరికీ ఒక పద్ధతి ఉండాలని 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలుపెట్టారు. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా వచ్చింది. మొదట ఇన్సూరెన్సు కంపెనీ ద్వారా, తరువాత ఆరోగ్యశ్రీ ట్రస్టు ద్వారా నేరుగా డబ్బు చెల్లించారు. కుటుంబానికి సంవత్సరానికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు.

నేడు తెలంగాణలో ఈ పరిమితి 10 లక్షల రూపాయలు. 2023 డిసెంబరు 9న దీనిని పెంచారు. 1,800కు పైగా చికిత్సలు జాబితాలో ఉన్నాయి.

ఇది నడిచే తీరు ఇలా ఉంటుంది. కార్డు ఉన్న రోగి నెట్‌వర్క్ ఆసుపత్రికి వస్తారు. అక్కడ ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. ఆరోగ్యమిత్ర ఆసుపత్రి ఉద్యోగి కాదు, రోగి తరఫున మాట్లాడే మనిషి. డాక్టరు పరీక్షించి ఏ చికిత్స కావాలో రాస్తారు. ఆసుపత్రి ఆ కాగితాలను ట్రస్టుకు పంపుతుంది. అక్కడి డాక్టర్లు చూసి అనుమతి ఇస్తారు. ప్రాణాపాయం అయితే కాగితాల కోసం ఆగనవసరం లేదు, ఫోన్ మీద అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది. ఒక్కొక్క చికిత్సకు ఒక ప్యాకేజీ ధర ఉంటుంది. ఆ ధరలోనే పరీక్షలు, ఆపరేషను, మందులు, రోగి భోజనం, తిరుగు ప్రయాణ ఖర్చు, డిశ్చార్జి తరువాత 10 రోజుల మందులు కలిసి ఉంటాయి. కాబట్టి అనుమతి వచ్చిన చికిత్సకు "ఈ పరీక్ష బయట చేయించుకురండి, ఈ సూది మందు మీరే కొనండి" అని ఎవరైనా అంటే ఎందుకు అని అడిగే హక్కు మీకు ఉంది.

ఈ పథకం వల్ల జరిగిన మేలు మాటల్లో చెప్పలేము. పొలం అమ్మకుండా పిల్లవాడి గుండెకు ఆపరేషను చేయించుకున్న తండ్రులను మా వార్డుల్లో చూశాము. అయితే లోపాలు కూడా చెప్పాలి.

మొదటిది, అవసరం లేని ఆపరేషన్లు. ప్యాకేజీకి డబ్బు వస్తుందంటే కొందరు లేని అవసరాన్ని కల్పించారు. తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పి అని వచ్చిన చిన్న వయసు స్త్రీలకు గర్భసంచి తీసివేసిన సంఘటనలు పత్రికల్లో వచ్చాయి. ఆ తరువాత ప్రభుత్వం ఇటువంటి కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. తల్లులారా, గర్భసంచి తీయాలని ఎవరైనా చెబితే తొందరపడకండి. రెండవ డాక్టరును అడగండి. ముప్పై ఏళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బులు త్వరగా వస్తాయి.

రెండవది, డబ్బు ఎటు పోతోందన్న ప్రశ్న. 2011లో హైదరాబాదు పరిశోధకులు రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ పథకం ప్రైవేటు రంగానికే ఎక్కువ లాభం చేకూరుస్తోందని రాశారు. ఇది ఆలోచించవలసిన మాటే. బి.పి. గోళీ క్రమంగా వేసుకుంటే రాని పక్షవాతానికి, గోళీ ఇవ్వకుండా పక్షవాతం వచ్చాక లక్షలు ఖర్చు పెట్టడం తెలివైన పని కాదు. బస్తీ దవాఖానాలు 2018 నుండి హైదరాబాదులో వచ్చినందుకు మేము సంతోషిస్తున్నాము. అక్కడ బి.పి., షుగరు చూస్తారు, మందులిస్తారు, రక్తపరీక్షకు నమూనాలు తీసి ప్రభుత్వ ల్యాబుకు పంపుతారు. పెద్ద ఆసుపత్రితో ఒప్పందం ఎంత అవసరమో, వీధి చివరి దవాఖానా అంతకన్నా అవసరం.

మూడవది, బకాయిలు. ఆసుపత్రి పని చేస్తుంది, బిల్లు పెడుతుంది, డబ్బు నెలల తరబడి రాదు. చిన్న ఆసుపత్రి అయితే సిస్టర్ల జీతాలు, మందుల కంపెనీ బాకీ ఆగిపోతాయి. 2025లో తెలంగాణలోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం బకాయిల కోసం ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేసింది. ప్రభుత్వంతో చర్చలు జరిగాక సేవలు మళ్లీ మొదలయ్యాయి. ఆ రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ చేయించుకునే కుటుంబాలవారు "రేపు మిషను ఎక్కిస్తరా అమ్మా?" అని మమ్మల్ని అడిగారు. డయాలిసిస్ వాయిదా వేయగలిగేది కాదు. రెండు మూడు రోజులు తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగవచ్చు. ఇద్దరు పెద్దలు లెక్కల దగ్గర వాదించుకుంటే మధ్యలో ఊపిరి ఆడనిది రోగికి. కాబట్టి డబ్బు వేళకు ఇవ్వడం, ఇవ్వకపోయినా ప్రాణాధార సేవలు ఆపకపోవడం, రెండూ ఒప్పందంలోనే ఉండాలి. ఇది రెండవ పాఠం.

డయాలిసిస్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 2010 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 11 పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో బి. బ్రాన్ అనే కంపెనీ డయాలిసిస్ కేంద్రాలు పెట్టి నడిపింది. స్థలం, రోగులు ప్రభుత్వానివి. మిషన్లు, టెక్నీషియన్లు కంపెనీవి. ఒక్కొక్క డయాలిసిస్‌కు ఇంత అని ఆరోగ్యశ్రీ చెల్లించింది. తరువాత ఈ పద్ధతి జిల్లా, ఏరియా ఆసుపత్రులకు కూడా వచ్చింది. దీనివల్ల ఊళ్లలో ఉండే రోగులు వారానికి మూడుసార్లు హైదరాబాదు బస్సు ఎక్కే బాధ తప్పింది. ప్రభుత్వ ఆసుపత్రి గోడల మధ్యనే ప్రైవేటు పనితనం వాడుకోవచ్చని ఇది చూపింది.

మూడవ పాఠం: క్షయ రోగులకు మహావీర్ ఆసుపత్రి దారి

ఈ కథ చాలామందికి తెలియదు. కాని ప్రపంచమంతా మన హైదరాబాదు నుండి నేర్చుకున్న విషయం ఇది.

క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అయినా దగ్గు పట్టిన మనిషి ముందు వెళ్లేది వీధిలోని ప్రైవేటు డాక్టరు దగ్గరికే. సాయంత్రం పని దిగాక తెరిచి ఉండేది అదే. అక్కడ ఒక నెల మందులు కొంటాడు, దగ్గు తగ్గుతుంది, డబ్బు అయిపోతుంది, మందు ఆపేస్తాడు. అప్పుడు క్రిమి మొండిబారుతుంది. అదే మొండి క్షయ. అది ఇంట్లోవారికి, పక్క మంచంవారికి కూడా అంటుకుంటుంది.

1995లో హైదరాబాదు ఏ.సి. గార్డ్స్‌లోని మహావీర్ ట్రస్టు ఆసుపత్రి, డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి గారి ఆధ్వర్యంలో, ప్రభుత్వంతో కలిసి ఒక ఏర్పాటు చేసింది. చుట్టుపక్కల ప్రైవేటు డాక్టర్ల దగ్గరికి వెళ్లి మాట్లాడారు. "మీ రోగిని మేము లాక్కోము. అనుమానం ఉంటే గళ్ల పరీక్షకు మా దగ్గరికి పంపండి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. రోగి మీ రోగిగానే ఉంటాడు" అన్నది వారి మాటల సారం. రోగి తన ఇంటికి దగ్గరలోని ప్రైవేటు నర్సింగ్ హోములోనే సిస్టరు ఎదుట గోళీ మింగే వీలు కల్పించారు. పేర్లు రాయడం, మానేసినవారి ఇంటికి వెళ్లి పిలుచుకురావడం ఆసుపత్రి సిబ్బంది చేశారు. తరువాత ఈ ఏర్పాటు 5 లక్షల జనాభాకు విస్తరించింది. దీని ఫలితాలు 2001లో అంతర్జాతీయ క్షయ పత్రికలో అచ్చయ్యాయి. ఇతర నగరాలు కూడా ఇటువంటి ఏర్పాట్లు చేసుకున్నాయి.

ఇందులో గొప్ప యంత్రం లేదు, పెద్ద భవనం లేదు. ఉన్నది గౌరవం. ప్రైవేటు డాక్టరును దొంగలా చూడలేదు, రోగిని ఊరి చివరికి తిప్పలేదు. ఒకరి పనికి ఒకరు అడ్డురాకుండా ఎవరి పని వారికి పంచారు. ఇది మూడవ పాఠం.

ఆ దారి నేడు దేశమంతటికీ వచ్చింది. 2012 మే నుండి ప్రైవేటు డాక్టరు కూడా ప్రతి క్షయ రోగి వివరం ప్రభుత్వానికి తెలియజేయాలి. ప్రైవేటులో వైద్యం పొందేవారికి కూడా ప్రభుత్వ మందులు ఉచితంగా అందే వీలుంది. పౌష్టికాహారం కోసం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేశారు. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేశారు. రోగి పేరు నిక్షయ్ అనే కంప్యూటర్ రిజిస్టరులో ఉంటుంది. కూలీ పని ముగిసి వేరే ఊరికి వెళ్లిపోయేవారు ఆ నంబరు రాసుకుని వెళితే అక్కడి సర్కారు దవాఖానాలో మందులు ఆగకుండా తీసుకోవచ్చు.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే గళ్ల పరీక్ష చేయించుకోండి. సామాన్య క్షయకు 6 నెలల మందులు. దగ్గు తగ్గిందని ఆపవద్దు. సందేహాలకు ఉచిత ఫోను 1800-11-6666.

కరోనా రోజుల్లో మన వీధిలో చూసినది

2020 ఏప్రిల్‌లో గచ్చిబౌలి క్రీడా గ్రామంలోని భవనాన్ని కొద్ది వారాల్లోనే టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. సైబరాబాద్ పోలీసులు, ఐ.టి. కంపెనీలు కలిసి 2006 నుండి నడుపుతున్న సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ కూడా ప్లాస్మా దాతలను కూడగట్టడం, అంబులెన్సులు సమకూర్చడం వంటి పనులు చేసింది. దొంగతనాలు, రోడ్డు భద్రత కోసం ఏర్పడిన స్నేహం జబ్బు వచ్చినప్పుడు అక్కరకు వచ్చింది. ఆపద వచ్చాక పరిచయాలు చేసుకుంటే ఆలస్యమైపోతుంది.

2021 జూన్ 6న మన పక్కనే ఉన్న హైటెక్స్‌లో పోలీసులు, ఆ సొసైటీ, ఒక ప్రైవేటు ఆసుపత్రి కలిసి ఒక్క రోజులో 40 వేల మందికి టీకా వేసే శిబిరం నడిపాయి. అది రుసుము కట్టగలిగినవారికి. దాదాపు అవే రోజుల్లో ఆటో డ్రైవర్లకు, కూరగాయలు అమ్మేవారికి ప్రభుత్వం వేరుగా ఉచిత శిబిరాలు పెట్టింది. రెండూ కావలసినవే. ప్రైవేటు ఒక్కటే ఉంటే కూరగాయల తల్లి మిగిలిపోయేది. ప్రభుత్వం ఒక్కటే ఉంటే వరుస ఇంకా పొడవు అయ్యేది.

అదే కాలంలో ఇంకో సంగతి కూడా జరిగింది. 2020 జూన్‌లో ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల కరోనా చికిత్సకు ధరలు నిర్ణయించింది. సాధారణ వార్డుకు రోజుకు 4,000, ఐ.సి.యు.కు 7,500, వెంటిలేటరు ఉంటే 9,000 రూపాయలు. కాని ఎన్నో కుటుంబాలు అంతకు ఎన్నో రెట్లు కట్టాయి. ధర కాగితం మీద ఉంటే చాలదు, చూసే కన్ను కూడా ఉండాలి.

మంచి భాగస్వామ్యానికి గుర్తులు

ఇంతవరకు చెప్పినదాని నుండి, వార్డులో నిలబడి చూసే మాకు తోచిన గుర్తులు ఇవి:

1. ఎవరి పని ఏమిటో రాత మూలకంగా ఉండాలి. ముఖ్యమంత్రి మారినా, యజమాని మారినా సేవ ఆగకూడదు.
2. ధరల పట్టిక రోగికి కనబడేచోట, తెలుగులో ఉండాలి.
3. ఆసుపత్రికి చెల్లింపు వేళకు జరగాలి. వేళకు డబ్బు ఇవ్వనివారు నాణ్యత అడగలేరు.
4. తనిఖీ చేసేవారు వేరుగా ఉండాలి. పని చేసినవారే తమకు మార్కులు వేసుకోకూడదు.
5. ప్రభుత్వ ఆసుపత్రిని బలహీనం చేసేదిగా ఉండకూడదు. ప్రైవేటువారు చేయి వదిలిన రోజు రోగికి మిగిలేది ఉస్మానియా, గాంధీలే.
6. పనిచేసే నర్సు, టెక్నీషియన్, డ్రైవరుకు సరైన జీతం, శిక్షణ ఉండాలి. ఖర్చు తగ్గించాలని ఒక సిస్టరుకు ఇరవై మంచాలు అప్పగిస్తే ఏ ఒప్పందమూ రోగిని కాపాడలేదు.

మిషన్ ఆసుపత్రులది మధ్య స్థానం. మేము ప్రభుత్వం కాము, లాభం పంచుకునే వాటాదారులూ మాకు లేరు. అందువల్ల రెండు వైపులా మాట చెప్పే వీలు మాకు ఉంది. రోగి తరఫున ఆరోగ్యమిత్రను పిలవడం, క్షయ రోగి పేరు నమోదు చేయించడం, అవసరంలేని ఆపరేషను అనిపిస్తే ఆ మాట మర్యాదగా చెప్పడం మా నర్సుల పనిలో భాగమే.

మీరు చేయవలసినవి

ఇంటికి ఒక ప్లాస్టిక్ ఫోల్డరు పెట్టుకోండి. అందులో రేషన్ కార్డు, అందరి ఆధార్, ఆరోగ్యశ్రీ వివరాలు, పాత డిశ్చార్జి కాగితాలు, వేసుకునే మందుల చీటీ ఉంచండి. అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చి "కాగితాలు ఊళ్లో ఉన్నయి" అనే కుటుంబాలు ఎన్నో. వాటి ఫోటోలు ఫోనులో కూడా ఉంచుకోండి.

ఆసుపత్రిలో చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ జబ్బుకు ఈ ఆసుపత్రిలో కార్డు నడుస్తుందా? ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారు? మేము చేతి నుండి ఏమైనా కట్టాలా? కడితే రసీదు తప్పక తీసుకోండి. ఇబ్బంది ఉంటే 104కు ఫోన్ చేసి చెప్పండి. సిగ్గుపడవలసిన పని లేదు. ఆ డబ్బు మీరూ మేమూ కట్టిన పన్నుల నుండి వచ్చినదే.

కాంట్రాక్టు మీద పనిచేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ జీతం చీటీ చూడండి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, మీ సంస్థకు ఇ.ఎస్.ఐ. వర్తించేదైతే మీకు కార్డు ఉండాలి. ఆ కార్డుతో మీకే కాదు, భార్యాపిల్లలకు, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం ఉంది. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో లేని చికిత్సకు వారే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి రాసి పంపుతారు. ఇదీ భాగస్వామ్యమే. కోత పడుతున్నా నంబరు ఇవ్వకపోతే సూపర్‌వైజరును అడగండి.

మంచి ఉద్యోగాల్లో ఉన్న సంఘ యువతీయువకులకు ఒక మనవి. మీ ఇంట్లో పనిచేసే అక్క, మీ అపార్టుమెంటు వాచ్‌మన్ అన్న, వీరికి కార్డు ఉందో లేదో ఒకసారి అడగండి. లేకపోతే మీసేవకు తోడుగా వెళ్లి దరఖాస్తు పెట్టించండి. అర్ధరోజు సెలవు పెట్టి మీరు చేసే ఆ సహాయం ఒక కుటుంబాన్ని అప్పుల నుండి కాపాడగలదు.

కార్డు విషయంలో, క్షయ మందుల విషయంలో ఏ సందేహం ఉన్నా మన ఓ.పి.లో డ్యూటీ సిస్టరును అడగండి. కాగితాలు చదవడం రాకపోతే తీసుకురండి, చదివి చెబుతాము.